అండమాన్‌లో పడవెక్కే ముందు: హైదరాబాద్ వాళ్లకు కొన్ని జాగ్రత్తలు

దసరా సెలవుల నుంచి సంక్రాంతి దాకా శంషాబాద్‌లో అండమాన్ విమానం ఎక్కే కుటుంబాలు చాలానే ఉంటాయి. అక్కడి హేవ్‌లాక్ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) దీవిలోనో నీల్ (ఇప్పుడు షహీద్ ద్వీప్) దీవిలోనో ఒక రోజు తెరచాప పడవ మాట్లాడుకుని, చిన్న దీవి దగ్గర దిగి తిరిగి రావాలని అందరికీ ఉంటుంది. తప్పకుండా వెళ్లండి. కానీ ట్యాంక్‌బండ్ దగ్గర లాంచీ ఎక్కి బుద్ధుడి దాకా వెళ్లొచ్చిన ధీమాతో మాత్రం వెళ్లకండి. హుస్సేన్‌సాగర్‌లో ఆటుపోట్లు లేవు, ఎటు చూసినా ఒడ్డు కనిపిస్తుంది. సముద్రంలో దీవికి చేరడం కంటే వేళకు తిరిగి రావడమే కష్టం. పడవ మాట్లాడేటప్పుడే తిరుగు ప్రయాణం ఎన్నింటికో తేల్చుకోండి.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది పొద్దు విషయంలోనే. గడియారం ఇక్కడా అక్కడా ఒకటే, సూర్యుడు మాత్రం అక్కడ దాదాపు గంట ముందుంటాడు. డిసెంబరులో మనకు 5.40 దాటాక పొద్దు గుంకితే, అక్కడ 5 గంటలకే గుంకుతుంది. మరో అరగంటలో చీకటి. '4 గంటలే కదా, ఇంకాసేపు ఉందాం' అని పిల్లలు మారాం చేసినా వినకండి. 3 గంటలకల్లా పడవలో ఉండాలి.

తర్వాత ఆటుపోట్లు. నీరు తీయడానికి సుమారు 6 గంటలు, మళ్లీ ఎక్కడానికి మరో 6 గంటలు. పౌర్ణమి, అమావాస్యలప్పుడు నీటిమట్టాల తేడా ఇంకా ఎక్కువ కాబట్టి, టికెట్లు కొనే ముందే ఇంట్లో క్యాలెండర్‌లో తిథి చూసుకోండి. నీల్‌లో సహజంగా ఏర్పడ్డ రాతి వంతెన దగ్గరికి నీరు తీసినప్పుడే నడిచి వెళ్లగలరు. గుంటల్లో చేపలు చూస్తూ నిలబడితే, వచ్చిన దారి మోకాలి లోతు అయ్యేదాకా తెలియదు. ఆ రాళ్ల మీద చెప్పులు జారతాయి, వెనక పట్టీ ఉన్న బూట్లే వేసుకోండి.

లైఫ్‌జాకెట్ ఇచ్చారు కదా అని ఊరుకోవద్దు. బకిల్స్ అన్నీ బిగించాక, జాకెట్‌ను భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమని పక్కవాళ్లకు చెప్పండి. గడ్డం దాటి పైకి వస్తే అది మీ సైజు కాదు, మార్పించుకోండి. పిల్లలకు పెద్దవాళ్లది తొడిగి తాడు కట్టడం అసలు పనికిరాదు. ఫొటో కోసం విప్పొద్దు. ఇక తెరచాప కింది అంచున అడ్డంగా ఉండే కర్రను బూమ్ అంటారు. పడవ తిరిగేటప్పుడు అది ఒక్క ఊపున అటు నుంచి ఇటు వస్తుంది. పడవ నడిపే ఆయన కేకేయగానే తల వంచాలి. అప్పుడు నిలబడి సెల్ఫీ తీసుకోవడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు.

కడుపులో తిప్పుతుందని ఖాళీ కడుపుతో వెళ్లొద్దు, ముందు రాత్రి బిర్యానీ కూడా వద్దు. రెండు ఇడ్లీలు చాలు. వాంతుల మాత్ర డాక్టర్‌ను అడిగి, పడవెక్కడానికి గంట ముందే వేసుకోండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. 2016 డిసెంబరులో వాతావరణం చెడి హేవ్‌లాక్, నీల్‌లలో చిక్కుకుపోయిన పర్యాటకుల కోసం నౌకాదళం ఓడలు పంపాల్సి వచ్చింది. అందుకే తిరుగు విమానానికి ముందు రోజు దీవి పెట్టుకోకండి, మధ్యలో ఒక రోజు ఖాళీగా ఉంచండి. స్కూబా చేసేవాళ్లకు ఆ ఖాళీ రోజు మరీ అవసరం. నీళ్లలోంచి పైకి వచ్చాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకపోవడమే క్షేమం.

మడ అడవుల దగ్గర, వాగులు సముద్రంలో కలిసేచోట మొసళ్లుంటాయి. హెచ్చరిక బోర్డు ఉన్నచోట పాదం కూడా తడపొద్దు. దీవుల్లో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేం కాబట్టి, ఏ పడవలో వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో హోటల్‌లో రాసిచ్చి వెళ్లండి. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్‌గార్డ్ నంబరు 1554. పడవ కదిలే ముందే ఫోన్‌లో వేసుకోండి.