వాకీటాకీ పలకడం లేదా? పవర్ పెంచే ముందు ఇవి చూడండి

నిమజ్జనం రోజు వాలంటీర్లకు, ఫంక్షన్ హాలులో పార్కింగ్ చూసుకునేవారికి, అనంతగిరి కొండలెక్కే బృందాలకు వాకీటాకీ ఎంతో అక్కరకొస్తుంది. మూడు నాలుగు కార్లు కలిసి శ్రీశైలం వెళ్తుంటే మన్ననూరు దాటాక అడవిలో చాలా దూరం ఫోనుకు సిగ్నల్ ఉండదు. అక్కడ దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. కానీ సెట్టు ఒక్కసారి పలకకపోతే చాలు, ఎవరో ఒకరు "దీనికి పవర్ చాలదు, ఐదు వాట్లది తెప్పిద్దాం" అంటారు. దయచేసి ఆ మాట దగ్గర ఆగండి. ఆ సెట్టు మీ సమస్యను తీర్చకపోగా చట్టం దృష్టిలో మిమ్మల్ని తప్పు చేసినవారిగా నిలబెడుతుంది. ఇక్కడ చెప్పేదంతా 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే, లైసెన్సు అక్కర్లేని అర వాట్ సెట్ల గురించి.

డబ్బా మీద పది కిలోమీటర్లని ఉంది, మూడో వీధి దాటితే వినబడదు

డబ్బా మీది అంకె నడుమ ఏ అడ్డూ లేకుండా కొండ మీద నుంచి కొండ మీదికి మాట్లాడితే వచ్చేది. ఈ తరంగాల పొడవు సుమారు 67 సెంటీమీటర్లు. ఇవి దాదాపు మన చూపు సాగినట్టే సాగుతాయి. కాంక్రీటు గోడలు, రాతి గుట్టలు, లోహపు పూత ఉన్న అద్దాలు, కారు రేకు, చివరికి మనిషి శరీరం కూడా వీటిని అడ్డుకుంటాయి. గచ్చిబౌలి, కొండాపూర్‌లలోని అద్దాల భవనాల్లో ఇవన్నీ ఒకేచోట ఎదురవుతాయి. ఇళ్లు కిక్కిరిసిన బస్తీలో కొన్ని వందల మీటర్లు, ఖాళీ మైదానంలోనో హుస్సేన్ సాగర్ నీటి మీదుగానో ఒకటి రెండు కిలోమీటర్లు అందితే ఆ సెట్టు చక్కగా పనిచేస్తున్నట్టే లెక్క.

మరి పవర్ పెంచితే? అర వాట్ నుంచి ఐదు వాట్లకు వెళ్తే శక్తి పదింతలవుతుంది. నగరంలో మాట అందే దూరం మాత్రం రెండింతలు కూడా కాదు. దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ అంత వేగంగా క్షీణిస్తుంది. అదే సెట్టుతో రెండో అంతస్తు బాల్కనీలోకి వెళ్లి మాట్లాడి చూడండి, తేడా మీకే వినిపిస్తుంది.

గోల్కొండకు వెళ్లినప్పుడు దీన్ని గమనించండి. బాలాహిసార్ పైన నిలబడిన మనిషికి గుట్టకు రెండు వైపులా కింద ఉన్నవారి మాట అందుతుంది. కింద ఉన్న ఇద్దరికీ నడుమ గుట్టంత రాయి అడ్డం కాబట్టి ఒకరి మాట ఒకరికి చేరదు. అక్కడ పనికొచ్చేది పైనున్న మనిషే. ఒకరి మాట విని మరొకరికి చెబితే సరిపోతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌కూ ఇదే మందు. రెండు అంతస్తుల కింద ఉన్న పార్కింగుకూ గేటుకూ నేరుగా మాట కలవకపోతే ర్యాంప్ మలుపులో ఒకరిని నిలబెట్టండి.

నిలబడే తీరు కూడా ముఖ్యం. నడుముకు తగిలించుకున్న సెట్టు నుంచి వెళ్లే సిగ్నల్‌లో చాలా భాగాన్ని మీ శరీరమే మింగేస్తుంది. సెట్టును ముఖం ఎత్తున, యాంటెన్నా నిటారుగా ఉండేలా పట్టుకోండి. జనసమ్మర్దంలో ఉంటే ఏదైనా గట్టు ఎక్కండి. మాట తెగిపోతుంటే ఒక అడుగు పక్కకు జరగండి. గోడల మీద పడి తిరిగొచ్చే తరంగాలు ఒకదాన్నొకటి దెబ్బతీసే చోట్లు కొన్ని ఉంటాయి. అర మీటరు జరిగితే చాలాసార్లు వాటి నుంచి బయటపడతాం. కారులో ఉంటే సెట్టును కిటికీ దగ్గరికి తీసుకురండి.

పొడవాటి యాంటెన్నా బిగించే ప్రయత్నం మాత్రం వద్దు. ఆ మోడల్‌కు ఆమోదం దొరికింది దాని సొంత యాంటెన్నాతోనే.

రెండు సెట్లూ ఒకటో ఛానల్లోనే ఉన్నాయి, అయినా మాట కలవదు

అమెరికా నుంచి అన్నయ్యో చిన్నాన్నో తెచ్చిన సెట్టు ఒకటి, ఇక్కడ కొన్నది ఒకటి అయితే కారణం వెతకనక్కర్లేదు. అక్కడి కుటుంబ వినియోగ సెట్లు 462, 467 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తాయి. వాటి ఒకటో ఛానల్ 462.5625. మన దగ్గరి సెట్లలో ఒకటో ఛానల్ 446.00625. అంకె ఒకటే అయినా తరంగం వేరు. దీనికి సర్దుబాటు లేదు. పైగా అమెరికాలో లైసెన్సు లేకుండా వాడుకునే ఆ సెట్టుకు మన దేశంలో ఆ వెసులుబాటు లేదు. ఆన్ చేసి ఇక్కడ మాట్లాడకండి. తెచ్చిన ఆప్తుల మనసు నొచ్చుకుంటుందని వాడేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు ఈ సంగతి చెప్పడమే మంచిది. యూరప్‌లో కొన్న సెట్టయితే బ్యాండ్ కలుస్తుంది. ఆ మోడల్‌కు ఇక్కడ ఆమోదం ఉందో లేదో చూసుకోవాలి.

రెండూ 446 సెట్లే అయితే పాత కొత్త తేడా చూడండి. పాతవాటిలో ఎనిమిది ఛానళ్లు, కొత్తవాటిలో పదహారు ఉంటాయి. తొమ్మిది నుంచి పైవి పాత సెట్టులో ఉండనే ఉండవు. ఒకటి డిజిటల్, మరొకటి అనలాగ్ అయినా మాట కలవదు.

నా మాట అతనికి వినబడుతోంది, అతని మాట నాకు వినబడదు

ఇలా ఒకవైపే మాట నడుస్తుంటే మొదట టోన్ కోడ్‌ను అనుమానించండి. మీ సెట్టులో కోడ్ పెట్టి ఉంది, అతని సెట్టులో లేదు. కోడ్ అంటే మన మాటతో పాటు వెళ్లే, సెట్టు మన చెవి దాకా రానివ్వని మంద్ర స్వరం. 67 హెర్ట్జ్ నుంచి 254.1 హెర్ట్జ్ వరకు ఇవి ఉంటాయి. కోడ్ ఉన్న సెట్టు ఆ స్వరం వినిపిస్తేనే స్పీకర్ తెరుస్తుంది. కోడ్ లేని సెట్టు అన్నిటికీ తెరుస్తుంది. నిర్ధారించుకోవడం తేలికే. కోడ్‌తో పని లేకుండా ఛానల్లో ఉన్నదంతా వినిపించే మానిటర్ బటన్ నొక్కి పట్టుకుని అతన్ని మాట్లాడమనండి. అప్పుడు వినబడితే తప్పు కోడ్‌దే. ఇద్దరూ కోడ్ తీసేయండి, లేదా ఒకే కోడ్ పెట్టుకోండి.

వేర్వేరు కంపెనీల సెట్లయితే కోడ్ వరస సంఖ్యను నమ్మకండి. ఒకరి పట్టికలో ఐదో నంబరు 79.7 హెర్ట్జ్ కావచ్చు, ఇంకొకరి పట్టికలో అది వేరే నంబరు కావచ్చు. మాన్యువల్ తీసి హెర్ట్జ్ అంకెలు కలపండి.

ప్రైవసీ కోడ్ పెట్టాం, అయినా మా మాటలు ఎవరో వింటున్నారు

వింటారు. ప్రైవసీ కోడ్ అన్నది పైన చెప్పిన టోన్ కోడ్‌కే మరో పేరు. అది మీ చెవికి ఇతరుల మాట పడకుండా చేస్తుంది తప్ప మీ మాటను దాచదు. ఆ ఛానల్లో కోడ్ లేకుండా ఉన్న ఎవరైనా అంతా వినగలరు. అందుకే ఫ్లాటు నంబరు, డబ్బు ఉన్న చోటు, తప్పిపోయిన పిల్లల పూర్తి వివరాలు గాలిలో చెప్పకండి. ఈ ఛానళ్లు ఎవరి సొంతమూ కావు. మాట్లాడే ముందు మానిటర్ నొక్కి వినండి, వేరేవాళ్లు ఉంటే మీరే ఛానల్ మారండి. కొనగానే అందరూ ఉండిపోయే ఒకటో ఛానల్ కంటే మధ్యలోవి ఖాళీగా దొరికే అవకాశం ఎక్కువ.

మొదటి మాట తెగిపోతోంది

"కుడికి తిప్పండి" అంటే అవతల "తిప్పండి" అనే వినిపిస్తుంది. బటన్ నొక్కుతూనే మాట మొదలుపెట్టడం దీనికి కారణం. అవతలి సెట్టు బ్యాటరీ ఆదా కోసం కునుకు తీస్తూ మధ్యమధ్య మేలుకుంటుంది, పైగా కోడ్‌ను గుర్తుపట్టడానికీ దానికి కొంత సమయం కావాలి. నొక్కాక ఒక సెకను ఆగి మాట్లాడండి. చివర కూడా ఒక క్షణం ఆగి వదలండి. మన వాక్యంలో వద్దనే అర్థం చివర్లో వస్తుంది. "లారీ కదపకండి" అనేటప్పుడు బటన్ తొందరగా వదిలితే ప్రమాదకరమైన భాగమే మిగులుతుంది. విగ్రహాన్ని క్రేన్‌కు కట్టే చోట "ఆగండి, ఆగండి" అని రెండుసార్లు చెప్పే అలవాటు బృందమంతటికీ చేయండి.

ఊరేగింపులో ఛానల్ అంతా హోరు, ఎవరూ మాట్లాడలేరు

ఎవరిదో ఒక సెట్టు ఆగకుండా ప్రసారం చేస్తోంది. రెండు కారణాలు చూడండి. ఒకటి, గొంతు వినగానే దానంతటదే ప్రసారం మొదలుపెట్టే వాక్స్ సదుపాయం. తీన్మార్ డప్పుల ముందు అది డప్పునే గొంతనుకుంటుంది. ఊరేగింపుల్లో అన్ని సెట్లలోనూ దీన్ని ముందే ఆపేయాలి. రెండోది, బెల్టు కిందో పౌచ్‌లోనో నొక్కుకుపోయిన బటన్. ఆ సెట్టు పట్టుకున్నవారికి ఏమీ వినబడదు కాబట్టి తనదే తప్పని తెలియదు. "ఛానల్ ఖాళీ చేయండి" అని ఎంత మొత్తుకున్నా ఆ మాట చేరదు. ఎర్ర దీపం వెలిగి ఉన్న సెట్టు కోసం మనిషిని పంపి వెతికించడమే దారి. ఈలోగా అందరూ వెళ్లాల్సిన రెండో ఛానల్ ఏదో ఉదయమే చెప్పి ఉంచండి. ప్రసార కాలపరిమితి ఉన్న సెట్లలో దాన్ని ఒక నిమిషానికి పెట్టండి.

ఇద్దరు పక్కపక్కనే నిలబడితే కీచుమనే శబ్దం వస్తుంది. నాలుగడుగులు దూరం జరిగితే పోతుంది. డప్పుల మధ్య అరవడం వల్ల లాభం లేదు, మాట బద్దలై ముద్దగా చేరుతుంది. మైకును నోటికి నాలుగు వేళ్ల దూరంలో కాస్త పక్కగా పెట్టి మామూలు గొంతుతో మాట్లాడండి. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోండి.

వినబడుతుంది, బటన్ నొక్కగానే ఆగిపోతుంది

బ్యాటరీ. ప్రసారానికి వినడానికన్నా చాలా ఎక్కువ కరెంటు కావాలి. ముందు కాంటాక్టులను పొడిగుడ్డతో తుడిచి, నిండుగా చార్జ్ చేసి చూడండి. ఎండాకాలం కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసి ఉబ్బిన బ్యాటరీని మళ్లీ చార్జ్ చేయకండి.

నా సెట్టు చట్టబద్ధమేనా?

కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్లో కొన్నా రెండు విషయాలు చూడాలి. మొదటిది పౌనఃపున్యం. 2018 అక్టోబరులో కేంద్రం ప్రకటించిన నిబంధనల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న వ్యక్తిగత రేడియోలకు లైసెన్సు అక్కర్లేదు. రెండోది, ఆ మోడల్‌కు టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నుంచి వచ్చిన పరికర ఆమోదం, అంటే ఈటీఏ. దాన్ని తీసుకోవాల్సింది తయారీదారు లేదా దిగుమతిదారు. అడిగి చూసుకోవాల్సింది మీరు. ఆన్‌లైన్ అమ్మకాల్లో ఈ రెండు వివరాలూ చూపించాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025 మే నెలలో మార్గదర్శకాలు ఇచ్చింది. అవి కనబడని ప్రకటనను వదిలేయండి.

"136 నుంచి 174, 400 నుంచి 520 మెగాహెర్ట్జ్" అని రాసి, పక్కనే "లైసెన్స్ ఫ్రీ" అని ఉంటే ఆ రెండో మాట అబద్ధం. "నేను 446లోనే పెట్టుకుంటాను" అన్నా ఆ సెట్టుకు మినహాయింపు రాదు. పొరపాటున ఒక మీట నొక్కితే అది ఇతర సేవలు వాడుకునే తరంగాల మీదికి వెళ్తుంది. 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం అనుమతి లేని పరికరాన్ని దగ్గర ఉంచుకోవడాన్నే నేరంగా చూసింది. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కూడా రేడియో పరికరం కలిగి ఉండటానికి అనుమతి కావాలనే చెబుతోంది.

ఎక్కువ శక్తితో, దూరాలకు మాట్లాడాలనే ఆసక్తి నిజంగా ఉంటే దానికి సక్రమమైన దారి ఉంది. అమెచ్యూర్ రేడియో పరీక్ష రాసి హామ్ లైసెన్సు తీసుకోండి. జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది, 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వంటి బ్యాండ్లు హామ్‌లకు, అంటే ఆ లైసెన్సు ఉన్నవారికి, ఉన్నాయి. అయితే ఆ లైసెన్సుతో తోటి హామ్‌లతోనే మాట్లాడాలి. వ్యాపారానికి, ఫంక్షన్ హాలు పార్కింగుకు అది చెల్లదు. వాటికి 446 సెట్లు చాలకపోతే డబ్ల్యూపీసీ దగ్గర సొంత పౌనఃపున్యానికి దరఖాస్తు చేసుకోవాలి.