ఉమ్మడి పని సాఫ్ట్‌వేర్‌లోకి మారే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఈమెయిళ్లతో, ఫోన్ మాటలతో, ఎవరికి వారు పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులతో, ఒకే లెక్కకు నాలుగు ప్రతులుగా తిరిగే ఎక్సెల్ ఫైళ్లతో ఇన్నాళ్లూ నెట్టుకొచ్చిన సంస్థ, వాటి స్థానంలో మైక్రోసాఫ్ట్ టీమ్స్, స్లాక్, గూగుల్ వర్క్‌స్పేస్, జోహో క్లిక్ వంటి ఉమ్మడి పని సాఫ్ట్‌వేర్‌ను తెచ్చుకోవడం అవసరమైన మార్పే. అయితే ఈ మార్పులో సంస్థలు దెబ్బతినేది సాఫ్ట్‌వేర్ మొరాయించినప్పటికన్నా, అది సజావుగా నడుస్తున్నప్పుడే ఎక్కువ. ఫైళ్లకు యజమాని ఎవరు, పాత సందేశాలు ఎంతకాలం ఉంటాయి, లోపలికి ఎవరెవరు రావచ్చు అన్న విషయాలను మనం నిర్ణయించకపోతే, తయారీదారు ముందే పెట్టి పంపిన సెట్టింగులు మన తరఫున నిర్ణయించేస్తాయి. ఆ సంగతి ఎవరో ఉద్యోగం మానేసిన రోజునో, పాత ఒప్పందం వివరం అత్యవసరంగా కావలసి వచ్చిన రోజునో బయటపడుతుంది. కాబట్టి సిబ్బంది అందరికీ ఖాతాలు ఇవ్వడానికి ముందున్న వారాల్లోనే జాగ్రత్త పడాలి.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది ఫైళ్ల సంగతి. చాలామంది దీన్ని చివరికి వదిలేస్తారు గాని, తరువాత సరిదిద్దడానికి అత్యంత కష్టమైనది ఇదే. టీమ్స్‌లో ఒక ఛానెల్‌లో, అంటే ఒక బృందం లేదా అంశం కోసం పెట్టుకున్న ఉమ్మడి చర్చా స్థలంలో, పెట్టిన ఫైలు ఆ బృందానికి చెందిన షేర్‌పాయింట్ అనే ఉమ్మడి నిల్వలోకి వెళ్తుంది. అదే ఫైలును విడి చాట్‌లో పంపితే అది పంపినవారి వన్‌డ్రైవ్‌లో, అంటే వారి సొంత ఆన్‌లైన్ నిల్వలో, ఉండిపోతుంది. తెరచి చదువుకునేవారికి ఈ తేడా కనిపించదు. ఆ ఉద్యోగి వెళ్లిపోయి, అతని ఖాతాను తొలగించాక, అడ్మిన్, అంటే సాఫ్ట్‌వేర్‌ను సంస్థ తరఫున నిర్వహించే వ్యక్తి, గడువును ముందే పెంచి ఉండకపోతే ఆ వన్‌డ్రైవ్‌ను 30 రోజులే నిలిపి ఉంచుతారు. గూగుల్‌లోనూ ఇలాంటి తేడాయే ఉంది. మై డ్రైవ్‌లోని ఫైలు దాన్ని తయారుచేసిన వ్యక్తి ఖాతాకు చెందుతుంది, షేర్డ్ డ్రైవ్‌లోనిది సంస్థకు చెందుతుంది. తొలగించిన ఖాతాను తిరిగి తెచ్చుకోవడానికి ఉండే గడువు 20 రోజులు. అందువల్ల కొటేషన్లు, ఒప్పందాలు, డిజైన్లు, లెక్కలు వంటి సంస్థ పత్రాలు ఛానెల్‌లోనో షేర్డ్ డ్రైవ్‌లోనో మాత్రమే ఉండాలన్న నియమాన్ని మొదటి రోజు నుంచే అమలు చేయాలి. నియమం రాసి ఊరుకుంటే సరిపోదు. ఒక ప్రయోగ ఖాతాను తెరిచి, దాని నుంచి కొన్ని ఫైళ్లు పంపి, ఆ ఖాతాను తొలగించి, ఆ ఫైళ్లు మిగిలినవారికి తెరుచుకుంటున్నాయో లేదో స్వయంగా చూడాలి. ఒక పూట పట్టే ఈ పరీక్ష ఏ శిక్షణ తరగతి కన్నా ఎక్కువ చెబుతుందని నా నమ్మకం.

సందేశాల విషయంలోనూ ఇదే శ్రద్ధ కావాలి. స్లాక్ ఉచిత ప్లాన్‌లో గత 90 రోజుల సందేశాలే కనిపిస్తాయి, ఏడాది దాటినవాటిని పూర్తిగా తొలగిస్తారు. కొన్నాళ్లు ఉచితంగా వాడి చూద్దామని మొదలుపెట్టిన చిన్న సంస్థ, క్రమంగా ధరల చర్చలను, ఖాతాదారులకు ఇచ్చిన హామీలను అందులోనే ఉంచుకుంటూ పోతే, ఏడాది తిరిగేసరికి ఆ మాటలు ఎక్కడా దొరకవు. చట్టం ప్రకారం మీ వ్యాపారంలో ఏ రికార్డులను ఎన్నేళ్లు ఉంచాలో మీ అకౌంటెంటును, న్యాయవాదిని అడిగి, ఆ గడువులను సాఫ్ట్‌వేర్‌లో పెట్టించాలి. చాట్‌లో తీసుకున్న ప్రతి ముఖ్య నిర్ణయాన్ని ఆ రోజే ఒక ఉమ్మడి పత్రంలోకి ఎక్కించే బాధ్యతను ఒక వ్యక్తికి పేరు పెట్టి అప్పగించాలి. అందరి బాధ్యత అంటే ఇక్కడ ఎవరూ చేయరు.

ఇక ప్రవేశం. సంస్థ సంభాషణలన్నీ ఒక్కచోటికి చేరాయంటే, దొంగిలించదలచినవారికి కూడా అవన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. 2021లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే గేమ్‌ల సంస్థలోకి చొరబడినవారు 10 డాలర్లకు కొన్న దొంగ కుకీలతో (లాగిన్ అయి ఉన్నట్లు బ్రౌజర్ దాచుకునే గుర్తులతో) ఆ సంస్థ స్లాక్‌లోకి వెళ్లి, పార్టీలో ఫోన్ పోగొట్టుకున్న ఉద్యోగుల్లా ఐటీ విభాగానికి సందేశం పెట్టి, లోపలికి వెళ్లనిచ్చే ప్రవేశ టోకెన్ అనే కోడ్ సంపాదించారని అప్పట్లో వార్తలు వచ్చాయి. 2022లో ఊబర్ కాంట్రాక్టరు ఒకరి ఫోన్‌కు లాగిన్ అనుమతి అభ్యర్థనలు పదే పదే పంపి, చివరికి ఒకదానికి ఆమోదం రాబట్టిన చొరబాటుదారు, సంస్థ స్లాక్‌లోనే తన రాకను ప్రకటించాడు. 2024లో డిస్నీ స్లాక్ నుంచి దాదాపు 1.1 టెరాబైట్ల సమాచారం బయటికి వెళ్లింది.

ఈ ఘటనల నుంచి గ్రహించవలసింది, లోపలి చాట్‌లో వచ్చిన సందేశం కాబట్టి మనవాళ్లదే అనుకోకూడదని. పాస్‌వర్డ్ మార్పు, కొత్త ఫోన్ నమోదు, బ్యాంకు ఖాతా మార్పు వంటి అభ్యర్థనలు చాట్‌లో వస్తే, ముందే నమోదై ఉన్న నంబరుకు ఫోన్ చేసి, గొంతు విని నిర్ధారించుకున్నాకే ముందుకు వెళ్లాలి. పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్ వంటి రెండో ఆధారాన్నీ అడిగే రెండంచెల ధ్రువీకరణను మొదటి రోజు నుంచే అందరికీ తప్పనిసరి చేయాలి. వీలైతే కేవలం ‘అనుమతించు’ అని నొక్కే పద్ధతికి బదులు, తెరపై కనిపించిన అంకెను ఫోన్‌లో టైపు చేసే పద్ధతిని గాని, లాగిన్ కోసం కంప్యూటర్‌కు తగిలించే చిన్న పరికరమైన భద్రతా కీని గాని ఎంచుకోవాలి. పాస్‌వర్డ్‌లను చాట్‌లో పెట్టడాన్ని పూర్తిగా నిషేధించాలి, ఎందుకంటే చొరబడినవాడు మొదట వెతికేది వాటినే. అడ్మిన్ అధికారం ఒక్కరి దగ్గరే ఉంటే వారు అందుబాటులో లేని రోజున సంస్థ చేతులు కట్టేసినట్లవుతుంది, పదిమందికి ఇస్తే పది తలుపులు తెరిచినట్లవుతుంది. ఇద్దరు ముగ్గురికి, అదీ రోజువారీ ఖాతాకు వేరుగా ఇవ్వడం మేలు. బయటి కాంట్రాక్టర్లకు ఇచ్చే గెస్ట్ ఖాతాలకు ముగింపు తేదీ పెట్టాలి. లింకు ఉన్న ఎవరైనా తెరవగలిగే షేరింగ్‌ను, సిబ్బంది ఇష్టానుసారం బయటి యాప్‌లను కలుపుకునే వీలును అడ్మిన్ స్థాయిలోనే ఆపి ఉంచాలి.

ఇంత చేసినా, మనుషులు పాత దారి వదలకపోతే ప్రయోజనం ఉండదు. 2022 సెప్టెంబరులో అమెరికా షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 16 ఆర్థిక సంస్థలపై మొత్తం 110 కోట్ల డాలర్లకు పైగా జరిమానాలు విధించింది. ఉద్యోగులు వ్యాపార విషయాలను సొంత ఫోన్‌లలో మాట్లాడుకోవడం, ఆ రికార్డులను సంస్థలు భద్రపరచకపోవడం అందుకు కారణం. సొంత ఫోన్‌ల వైపు మళ్లినవారిలో కింది ఉద్యోగులే కాదు, పెద్ద అధికారులూ ఉన్నారు. యజమాని, మేనేజర్లు పాత వాట్సాప్ గ్రూపులోనే ఆదేశాలు ఇస్తూ ఉంటే కొత్త వేదిక ఖాళీగా ఉంటుంది, లేదా రెండు చోట్లా పని చేయవలసిన భారం సిబ్బందిపై పడుతుంది. కాబట్టి మొదట మారవలసింది పైవారే. మొదటి ప్రయోగానికి సాంకేతికతపై ఆసక్తి ఉన్న బృందం కన్నా, రోజూ మూడు నాలుగు విభాగాలతో పని పడే సాధారణ బృందాన్ని ఎంచుకుంటే అసలు ఇబ్బందులు తెలుస్తాయి. ఏ సందేశానికి ఎంతలోగా జవాబు ఇవ్వాలో ముందే రాసి ఇవ్వాలి, పని వేళల తరువాత జవాబు ఆశించబోమని కూడా అందులో చెప్పాలి. రాత్రి పదింటికి మోగే నోటిఫికేషన్ ఉద్యోగి ఆరోగ్యాన్ని తినేస్తుంది, దీన్ని చిన్న విషయంగా చూడకూడదు.

మార్పిడి తేదీని నెలాఖరు లెక్కల సమయంలోనో, ఆర్డర్ల రద్దీలోనో పెట్టవద్దు. పాత వ్యవస్థలో కొత్త విషయాలు చేర్చడాన్ని ఆపి, చదివే వీలును మాత్రం కొన్ని నెలలు ఉంచాలి. వేదిక మొత్తం ఆగిపోయిన రోజున ఏం చేయాలో కూడా రాసి పెట్టుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఇలాంటి పని సాఫ్ట్‌వేర్‌ను అందించే అట్లాసియన్ సంస్థ నడిపిన ఒక స్క్రిప్టు (పనులను తానే చేసుకుపోయే చిన్న ప్రోగ్రాం) పొరపాటున 775 ఖాతాదారుల సైట్లను తొలగించింది. కొందరికి అవి తిరిగి వచ్చేసరికి రెండు వారాలు పట్టింది. ముఖ్యుల ఫోన్ నంబర్లు, నడుస్తున్న ఆర్డర్ల జాబితా, అత్యవసర పత్రాల ప్రతులు ఆ వేదికకు బయట, వేరే చోట ఉండాలి.

చివరగా నిష్క్రమణ. పెద్ద కంపెనీది కాబట్టి ఎప్పటికీ ఉంటుందన్న భరోసా లేదు. హిప్‌చాట్ అనే సంస్థల చాట్ సేవ 2019లో మూతపడింది. మెటా సంస్థ వర్క్‌ప్లేస్ అనే తన ఉమ్మడి పని వేదికను మూసివేస్తున్నట్లు 2024లో ప్రకటించింది. సంతకం పెట్టే ముందే, మన సమాచారాన్ని ఏ రూపంలో తిరిగి ఇస్తారు, ప్రైవేట్ ఛానెళ్ల సందేశాలు కూడా అందులో వస్తాయా, ఏ ప్లాన్‌లో వస్తాయి, ఒప్పందం ముగిశాక ఎన్ని రోజులు ఉంచుతారు అని అడిగి, జవాబులను రాతపూర్వకంగా తీసుకోవాలి. ప్రయోగ దశలోనే ఒకసారి సమాచారాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి, అంటే బయటికి దింపుకొని, వచ్చిన ఫైలును తెరిచి చదవాలి. అది మనుషులు చదవగలిగేలా లేకపోతే, చదవగలిగే రూపంలోకి మార్చే సాధనం ఏదో, దాని ఖర్చు ఎంతో ధర మాట్లాడుకునే సమయంలోనే తేల్చుకోవాలి.