పైసామాను పోయిన ఎంజీబీ ఇంజన్‌ని తిరిగి నిలబెట్టడం

ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న ఎంజీబీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) అమ్మకానికి వస్తే ఇంజన్ దిమ్మ, హెడ్డు దాదాపు ఎప్పుడూ ఉంటాయి. పోయేది పైసామానే: జంట కార్బొరేటర్లు, డిస్ట్రిబ్యూటర్, థర్మోస్టాట్ మూత, బ్రీదర్ వాల్వు, మానిఫోల్డు వాషర్లు. వీటిలో ఏదీ దొరకని వస్తువు కాదు. చిక్కంతా ఎక్కడంటే, 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని అబింగ్డన్‌లో తయారైన ఈ బండికి ఒకే పేరుతో చాలా రకాల ఇంజన్లు వచ్చాయి. బయటికి ఒకేలా కనిపించే సామాను ఒకదానిది ఇంకోదానికి సరిపోదు. ఇక్కడ చెప్పేది 1964 అక్టోబరు నుంచి 1967 చివరిదాకా వచ్చిన 18జీబీ రకం ఇంజన్ గురించి. 1798 సీసీ, అయిదు మెయిన్ బేరింగులు, రెండు ఎస్‌యూ హెచ్‌ఎస్4 కార్బొరేటర్లు, లూకాస్ 25డీ4 డిస్ట్రిబ్యూటర్.

డబ్బు ఖర్చుపెట్టేముందు దిమ్మకు (డ్రైవరు సీట్లోంచి చూస్తే) కుడివైపు రివెట్లతో బిగించిన చిన్న రేకు తుడిచి నంబరు చదవండి. 18జీ, 18జీఏ అంటే మూడు బేరింగులది. 18జీడీ అంటే మార్క్ 2. 18వీ అంటే 1971 తర్వాతది. తర్వాత వచ్చే అక్షరాల్లో హెచ్ ఉంటే హై కంప్రెషన్, ఎల్ ఉంటే లో కంప్రెషన్. బండి పుస్తకంలో 1966 అని ఉన్నా సరే, మధ్యలో ఎవరో ఇంజన్ మార్చి ఉండొచ్చు. రేకునే నమ్మండి.

అంబాసిడర్ మీద చెయ్యి తిరిగిన మేస్త్రీకి ఈ ఇంజన్ చుట్టరికమే. అందులోని 1489 సీసీ పెట్రోలు ఇంజనూ ఇదే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ వంశం. కామ్‌షాఫ్టు దిమ్మలోనే, పుష్‌రాడ్లు, పక్కన టాపెట్ మూతలు, 1-3-4-2 ఫైరింగు ఆర్డరు. పని తెలుస్తుంది. అంతమాత్రాన ఆ సామాను తెచ్చి దీనికి పెట్టేయొచ్చని కాదు, కొలిచి చూడాల్సిందే.

పానాల సంగతి. బోల్టులన్నీ అంగుళాల లెక్క, ఎక్కువభాగం యూఎన్ఎఫ్ (అంగుళాల లెక్కలో సన్న) మర. 7/16, 1/2, 9/16 ఏఎఫ్ (నట్టు ఎదురెదురు పలకల మధ్య కొలత) పానాలు కొనండి. 1/2 నట్టుకి 13 ఎంఎం పానా పడుతుంది, కానీ వదులుగా. తుప్పుపట్టిన నట్టు మీద అది మూలలు కొరికేస్తుంది.

మానిఫోల్డు: అసలు లీకు వాషర్ దగ్గరే

ఇన్‌లెట్ (పెట్రోలు-గాలి లోపలికి తెచ్చేది), ఎగ్జాస్టు (పొగ బయటికి పంపేది) మానిఫోల్డులు రెండూ హెడ్డుకి ఎడమవైపే, ఒకే ప్యాకింగు మీద కూర్చుంటాయి. మధ్యలోని స్టడ్లకు ఒక్కో మందపాటి పెద్ద వాషరు ఉంటుంది. అది సగం ఇన్‌లెట్ ఫ్లాంజి మీద, సగం ఎగ్జాస్టు ఫ్లాంజి మీద ఆనుతుంది. పోయిన సామాన్లలో ముందు పోయేది ఈ వాషర్లే. బదులుగా మామూలు వాషరు వేస్తే ఒకవైపే పట్టి రెండోవైపు వదులుతుంది.

సరైన వాషరే వేసినా ఇంకో తిరకాసుంది. కొత్తగా తెచ్చిన ఎగ్జాస్టు మానిఫోల్డు ఫ్లాంజి, పాత ఇన్‌లెట్ ఫ్లాంజి ఒకే మందం ఉండాలి. వెర్నియర్‌తో కొలవండి. అర మిల్లీమీటరు తేడా ఉన్నా వాషరు వాలుతుంది, పలచగా ఉన్న ఫ్లాంజి వదులుగా మిగిలిపోతుంది. ఆ పలచటిది ఇన్‌లెట్ అయితే గాలి పీల్చుకుని ఐడిల్ నిలవదు. ఎగ్జాస్టు అయితే టక్ టక్‌మని ఊదుతుంది. లేతులో మందపు ఫ్లాంజిని తగ్గించడమో, ఆ మేరకు వాషరుకి మెట్టు తీయడమో చేయండి. సీలెంటు పూసి గట్టెక్కుదామనుకోకండి.

ప్యాకింగు మీద చిల్లుల రేకు ఉన్న ముఖం మానిఫోల్డు వైపుకి రావాలి. నట్లు మధ్య నుంచి చివరలకు, రెండు మూడు విడతల్లో, 20 న్యూటన్ మీటర్ల దాకా.

కార్బొరేటర్లు

పాతవి కొంటే రెండూ ఒకే జతవి కొనండి. ఎస్‌యూలో పిస్టనూ దాని పైని గోపురమూ కలిపి సరిచూసి చేసినవి. ముందు కార్బొరేటరు గోపురం వెనకదానికి పెట్టారంటే పిస్టను రాసుకుంటుంది. కడిగేటప్పుడు రెండు పళ్లేల్లో విడివిడిగా పెట్టుకోవడమే మేలు.

మానిఫోల్డు నుంచి బయటికి వరస ఇది: ప్యాకింగు, బేకలైటు దిమ్మ, ప్యాకింగు, వేడి ఆపే రేకు, ప్యాకింగు, కార్బొరేటరు, ప్యాకింగు, ఎయిర్ ఫిల్టరు. దిమ్మ లేకపోతే వేడి నేరుగా ఎక్కి, బండి ఆపిన పది నిమిషాలకు పెట్రోలు గిన్నెలోనే ఉడుకుతుంది, మళ్లీ స్టార్టవదు. వేసవిలో ఈ బండిని నడిపేవాళ్లు రేకునీ దిమ్మనీ ఎట్టి పరిస్థితుల్లో వదలకూడదు.

చివరి ప్యాకింగు దగ్గర ఒక్క క్షణం ఆగండి. కార్బొరేటరు ఫ్లాంజి ముఖం మీద పెద్ద రంధ్రం కాక చిన్న గాలిరంధ్రాలు కనిపిస్తాయి. పిస్టను కింద గాలి ఆడేది వాటిగుండానే. ప్యాకింగును తలకిందులుగా పెడితే అవి మూసుకుపోతాయి, పిస్టను లేవదు. ఇంజన్ స్టార్టవుతుంది, ఐడిల్ బానే ఉంటుంది, యాక్సిలరేటరు తొక్కితే మాత్రం గుంజదు. జనం జెట్టు విప్పి, నీడిల్ మార్చి, పంపు మార్చి, చివరికి ఇది చూస్తారు. ప్యాకింగు పెట్టాక ఎదురుగా చూసి రంధ్రాలు కనబడుతున్నాయో లేదో సరిచూసుకోండి.

నీడిల్ భుజం పిస్టను అడుగుతో సమంగా ఉండాలి. పిస్టనుని వేలితో పైకెత్తి వదిలితే ‘టక్’మని లోహపు చప్పుడుతో కింద కూర్చోవాలి. జెట్టుని పూర్తిగా పైకి తోసినప్పుడూ అదే చప్పుడు రావాలి. మెత్తగా దిగితే జెట్టు మధ్యలో లేనట్టే. జెట్టు పట్టే పెద్ద నట్టు వదులు చేసి, పిస్టనుని సన్నటి కడ్డీతో కిందికి నొక్కిపట్టి మళ్లీ బిగించండి. మొదటి స్టార్టు కోసం జెట్టుని వంతెనతో (కార్బొరేటరు గొంతులో పిస్టను ఆనే గట్టుతో) సమంగా పెట్టి, అక్కడి నుంచి సర్దుబాటు నట్టుని 12 పలకలు, అంటే రెండు చుట్లు, కిందికి తిప్పండి. రెండింటికీ ఒకే లెక్క.

గోపురంలోకి 20 గ్రేడు ఇంజనాయిలు పోసి డ్యాంపరు దించుతుంటే, మూత ఇంకా 6 మి.మీ. పైన ఉండగానే చేతికి పట్టు తగలాలి. ఫ్లోటు మట్టానికి గిన్నె మూత తలకిందులుగా పట్టుకుని, మీటకూ మూతకూ మధ్య 1/8 అంగుళం డ్రిల్ బిట్ దూరితే చాలు. మట్టం ఎక్కువైతే పెట్రోలు పొంగుతుంది. కార్బొరేటర్ల కింద ఎర్రగా కాలేది ఎగ్జాస్టు మానిఫోల్డు. అందుకే ఫ్లోటు గిన్నెల పొంగు గొట్టాలు పోయి ఉంటే అవి వేసి, మానిఫోల్డు దాటి కిందికి దించకుండా స్టార్టు చేయొద్దు.

డిస్ట్రిబ్యూటరు, దాని కింది ఇరుసు

డిస్ట్రిబ్యూటరు మాత్రమే పోతే పని తేలిక. కింద కామ్‌షాఫ్టు నుంచి తిరిగే ఇరుసు కూడా లాగేసి ఉంటే, ముందు దాన్ని దించాలి. రాకర్ మూత తీసి, ఒకటో సిలిండరు కంప్రెషన్ మీద పైకి వచ్చేలా ఇంజన్ తిప్పండి. నాలుగో సిలిండరు రెండు వాల్వులూ ఊగుతున్న (ఒకటి మూసుకుంటూ ఇంకోటి తెరుచుకుంటున్న) స్థానం అదే. క్రాంకు పులీ మీది గాటు టైమింగ్ మూత మీది పొడుగాటి ముల్లుకి ఎదురుగా రావాలి. ఈ ఇంజన్‌కి ఆ ముళ్లు పులీకి అడుగున ఉంటాయి. బండి కింద పడుకుని అద్దం పెట్టి చూడాల్సిందే.

ఇరుసు పైకొసలో మర ఉంటుంది. దానిలోకి 5/16 యూఎన్ఎఫ్ బోల్టు, మూడున్నర అంగుళాలది, ఎక్కించి పట్టుకోండి. ఇరుసు తల మీద గాడి ఒక పక్కకు జరిగి ఉంటుంది, కాబట్టి రెండు అర్ధచంద్రాల్లో ఒకటి పెద్దది. పెద్దది పైకి, గాడి అడ్డంకంటే కాస్త కిందికి వాలేలా పట్టుకుని దించండి. పళ్లు కామ్‌షాఫ్టుతో కలుస్తుండగా ఇరుసు ఎడమకు తిరిగి, గాడి గడియారంలో ఒంటిగంట దిక్కుకి వచ్చి ఆగుతుంది. అక్కడ ఆగకపోతే పైకి లాగి ఒక పన్ను జరిపి మళ్లీ దించండి. తర్వాత బోల్టు విప్పి, డిస్ట్రిబ్యూటరు కూర్చునే గూడు పెట్టి దాని సొంత స్క్రూతోనే బిగించాలి. ఆ స్క్రూ తల గూడు ముఖానికి పైకి లేస్తే డిస్ట్రిబ్యూటరు సరిగా కూర్చోదు.

డిస్ట్రిబ్యూటరు లోపల తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మి.మీ. స్పార్కు రాకపోవడానికి నూటికి తొంభై సార్లు కారణం పాయింట్ల మేకు దగ్గర వైర్ల అమరిక. మేకు మీద ప్లాస్టిక్ టోపీ బుష్షు ఉంటుంది. కండెన్సరు వైరు చెవి, లోటెన్షన్ (కాయిల్ నుంచి వచ్చే సన్న) వైరు చెవి, పాయింట్ల స్ప్రింగు మూడూ ఒకదానికొకటి తగలాలి. మేకుకి, కింది పళ్లేనికి మాత్రం తగలకూడదు. టోపీ తిరగేసి పెట్టినా, పోగొట్టుకుని మామూలు వాషరు వేసినా కరెంటు అక్కడే ఎర్త్ అయిపోతుంది, పాయింట్లు తెరుచుకున్నా తెరుచుకోనట్టే.

18జీబీ ఉన్న బండి పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిపి ఉంటుంది. వెనక సీటు ప్రాంతంలో రెండు 6 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి. అందువల్ల కాయిల్‌లో ప్లస్ కొస డిస్ట్రిబ్యూటరుకి, మైనస్ కొస ఇగ్నిషన్ స్విచ్చికి. పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ కిట్టు వేస్తే పాజిటివ్ ఎర్త్‌కి చేసినదే కొనాలి. నెగటివ్‌ది వేశారంటే తాళం తిప్పగానే కాలిపోతుంది. డైనమో కూడా కొత్తది వేస్తే దాని మీది ఎఫ్ (ఫీల్డు) కొస వైరు తీసి, బ్యాటరీ ఎర్త్ కాని కొస నుంచి వచ్చిన వైరుతో ఆ కొసని ఒక్కసారి తాకించండి. లేకుంటే అది తప్పుదిశలో చార్జి చేస్తుంది.

టైమింగ్ పిస్టను పైకొసకి చేరడానికి 10 డిగ్రీలు ముందు. పాయింట్లు తెరుచుకునే క్షణం తెలియాలంటే లోటెన్షన్ కొసకూ ఎర్త్‌కూ మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టి తాళం తిప్పండి. దీపం వెలిగిన చోట తెరుచుకున్నట్టు. రోటరు ఎడమకి తిరుగుతుంది. ప్లగ్గు వైర్లు ఆ దిశలోనే 1-3-4-2. ఇరుసు సరిగ్గా అరచుట్టు తప్పు కూర్చుందని తేలితే మళ్లీ ఊడదీయక్కర్లేదు, వైర్లు మార్చండి చాలు. ప్లగ్గు గ్యాపు 0.64 మి.మీ.

నీళ్లు, గాలి, ఆయిలు

థర్మోస్టాట్ 82 డిగ్రీలది వేయండి. ముందు నీళ్ల గిన్నెలో వేసి కాచి, తెరుచుకుంటోందో చూడండి. పైమూత అల్యూమినియం. నట్లు 11 న్యూటన్ మీటర్లే. ఒకవైపు పూర్తిగా బిగించి రెండోదాని జోలికెళ్తే చెవి విరుగుతుంది. వాటర్ పంపుకి 23. ఫ్యాను బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే 13 మి.మీ. ఊగాలి.

బ్రీదర్ వాల్వు (ఇంజన్ లోపలి ఆవిరిని లాగేది) ఇన్‌లెట్ మానిఫోల్డు మీద కూర్చుని, ముందు టాపెట్ మూత నుంచి వచ్చే గొట్టంతో కలుస్తుంది. ఇది లేకుండా ఆ రంధ్రం ఊరికే వదిలేస్తే ఇంజన్ గాలి తాగి ఐడిల్ పెరుగుతుంది. వాల్వు పెట్టి దాని పొర చిరిగినా అదే జరుగుతుంది. దీనికి ఆయిలు పోసే మూత ఫిల్టరుతో, గాలి ఆడేదే ఉండాలి. పూర్తిగా మూసేసేది పెడితే సీళ్ల దగ్గర ఆయిలు కారుతుంది. టాపెట్ మూత బోల్టు 3 న్యూటన్ మీటర్లకు మించొద్దు. గట్టిగా బిగిస్తే రేకు వంగి, ఆపాలనుకున్న కారుడే మొదలవుతుంది.

ఆయిలు 20డబ్ల్యూ-50, ఫిల్టరుతో కలిపి 4.26 లీటర్లు. ఆయిల్ కూలరు ఉంటే ఇంకో 0.4. గిన్నె ఫిల్టరైతే పాత రబ్బరు రింగు పైన గాడిలోనే అతుక్కుపోయి ఉంటుంది. సూదితో గోకి తీయకుండా కొత్తది వేస్తే రెండింటి మధ్య నుంచి ఆయిలు ధారగా పోతుంది.

మొదటి స్టార్టు

ప్లగ్గులు తీసి, గేజులో ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా స్టార్టరు తిప్పండి. కూలరు గొట్టాలు నిండడానికి సమయం పడుతుంది, పది సెకన్లు తిప్పి ఆగుతూ చేయండి. రాకర్ మూత తీసే ఉంది కనక వాల్వు క్లియరెన్సు చల్లగా 0.38 మి.మీ. ఉందో చూసుకుని మూసేయండి. ప్లగ్గులు 24 న్యూటన్ మీటర్లు.

ఇంజన్ వేడెక్కాక, రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస ఒక్కో కార్బొరేటరు నోట్లో పెట్టి వినండి. రెండు చోట్లా ఈల ఒకే స్థాయిలో వినిపించేదాకా థ్రాటిల్ స్క్రూలు సరిచేయండి. తర్వాత ఒక్కో పిస్టనుని ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ పైకెత్తండి. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ. ఒక్క క్షణం పెరిగి మళ్లీ దిగితే సరిపోయినట్టు. పలకకో పలక తిప్పండి, రెండు కార్బొరేటర్లకూ ఒకేలా.

బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక మానిఫోల్డు నట్లు మళ్లీ పట్టి చూస్తే పావు చుట్టు తిరుగుతాయి. అప్పుడే ఫ్లోటు గిన్నెల కింద, పెట్రోలు గొట్టాల కీళ్ల దగ్గర తెల్లకాగితం ఒత్తి తడి ఉందేమో చూసుకోండి.