ఫోన్‌లో పాట కడదాం – 4వ పాఠం: రెండో రోకలి పోటు

పోయిన వారం వేసిన నాలుగు కిక్కుల (పెద్ద డ్రమ్ దెబ్బల) ఫైలు చెరిపేయకుండా ఉంచారా? ఉంచితే సగం పని అయినట్టే. లేనివాళ్ళు 16 గడుల డ్రమ్ మెషీన్ ఉన్న యాప్ ఏదైనా తెరిచి, వేగం 100 బీపీఎం (నిమిషానికి వంద దెబ్బలు) పెట్టి, 1, 5, 9, 13 గడుల్లో కిక్ వేసుకుని రండి. రెండు నిమిషాలు చాలు.

నిజానికి ఈ వారం బేస్ (పాట అడుగున నడిచే మంద్ర మోత) చెబుదామనుకున్నాను. మా మేనల్లుడు భీమవరం నుంచి ఒక కొత్త పాట పంపి ఆ ప్లాన్ పాడుచేశాడు. డీజేలు చేసిన డాన్స్ పాటే, కానీ లోపల రెగే (జమైకా సంగీతం) నడుస్తోంది. ఇంట్లో పదిసార్లు విన్నాను. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడి ఇంకో నాలుగుసార్లు విన్నాను. ఈమధ్య నాకు ఇంతగా పట్టుకున్న పాట ఇంకోటి లేదు. వాడు ఫోన్ చేసి, "మామయ్యా, కిక్ మామూలుగానే పడతాంది కదా, పాట మాత్రం వెనక్కి లాగుతున్నట్టు ఉంటాదేంటి?" అన్నాడు. ఈ పాఠం ఆ ప్రశ్న కోసమే.

ఒకే రోట్లో ఇద్దరు అటుకులు దంచడం చూశారా? ఇప్పుడు మిల్లులొచ్చాయి గానీ, మా చిన్నప్పుడు కోనసీమలో ప్రతి వీధిలో వినిపించేది. ఒకావిడ రోకలి దిగుతుంటే రెండో ఆవిడ రోకలి పైకి లేస్తుంది. మొదటిది లేచాక రెండోది దిగుతుంది. రెండూ ఒకేసారి దిగాయా, రోకళ్ళు కొట్టుకుంటాయి. మీ కిక్ మొదటి రోకలి. రెగేలో గిటారో ఆర్గనో రెండో రోకలి. రెండు కిక్కుల మధ్య సరిగ్గా సగంలో పడుతుంది. దాన్ని స్కాంక్ అంటారు.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళకి అనాగతం గుర్తొస్తుంది. కొంతవరకు నిజమే. అక్కడ పల్లవి ఎత్తుగడ తాళం దెబ్బ దాటాక మొదలవుతుంది, ఇక్కడ ప్రతి దెబ్బకీ ఆ దాటడం జరుగుతూనే ఉంటుంది.

ఇక చేతులు పెట్టండి. కొత్త ట్రాక్ తెరిచి క్లీన్ ఎలక్ట్రిక్ గిటార్ గానీ ఆర్గన్ గానీ తీసుకోండి. ఎ మైనర్ కార్డ్, అంటే ఎ, సి, ఇ మూడు స్వరాలు కలిపి 3, 7, 11, 15 గడుల్లో పెట్టండి. 100 బీపీఎంలో కిక్కుకీ కిక్కుకీ మధ్య 600 మిల్లీసెకన్లు. కార్డ్ సరిగ్గా 300 దగ్గర పడుతుంది.

ప్లే చేస్తే ఏదో చర్చి ఆర్గన్‌లా సాగుతోందా? అందరికీ మొదట అలాగే వస్తుంది. కార్డ్ నిడివి తగ్గించండి. గడిలో సగమే ఉండాలి. గిటార్ వాయించేవాళ్ళు తీగలు మీటి వెంటనే ఎడమచేతి పట్టు వదులు చేసి మోత ఆపేస్తారు, మనం అదే పని యాప్‌లో కార్డ్ గీత కత్తిరించి చేస్తున్నాం. తర్వాత ఈక్యూలో (శబ్దంలో మంద్ర, తార భాగాల్ని పెంచి తగ్గించే చోట) 300 హెర్ట్జ్‌కి కింద ఉన్నదంతా కోసేయండి. ఆ కింది జాగా వచ్చే వారం బేస్‌కి కావాలి. వాల్యూమ్ కిక్ కన్నా తక్కువ ఉంచండి. స్కాంక్ చెవికి తగలాలి గానీ మీద పడకూడదు.

ఇక్కడ నా పరువు పోయిన కథ ఒకటి చెప్పాలి. ఒక సంక్రాంతికి మా వీధి సౌండ్ బాక్సుల్లో నేను కట్టిన ఇలాంటి ట్రాక్ వేయించాను. మొదట ఎనిమిది ఆవర్తాలు (16 గడులు ఒక ఆవర్తం) స్కాంక్ ఒక్కటే పెట్టి, తర్వాత కిక్ దింపాను. గొప్పగా ఉంటుందనుకున్నా. కుర్రాళ్ళు స్కాంక్ మీదే చప్పట్లు మొదలెట్టారు. వాళ్ళ తప్పేముంది, వినపడేది అదొక్కటే, అదే అసలు దెబ్బ అనుకున్నారు. కిక్ వచ్చేసరికి లోకమంతా తలకిందులై అందరి కాళ్ళూ ఆగిపోయాయి. వెనక నుంచి ఒకాయన "ఆయ్, పెన్‌డ్రైవ్ పాడైనట్టుందండీ" అన్నాడు.

అందుకని, ఎదురు దెబ్బ తెలియాలంటే ముందు దెబ్బ తెలియాలి. పాటని కిక్‌తో మొదలుపెట్టండి. స్కాంక్‌తోనే మొదలెట్టాలని మరీ ముచ్చటగా ఉంటే 1వ గడిలో హై‌హ్యాట్ (డ్రమ్ సెట్‌లో రెండు తాళాల్లాంటి పళ్ళేలు) సన్నగా వేయండి. చాలా రెగే పాటలు చిన్న డ్రమ్ దరువుతో ఎత్తుకోవడంలో ఉన్న తెలివి ఇదే. అది వినగానే ఒకటో దెబ్బ ఎక్కడుందో కాలికి తెలిసిపోతుంది.

ఇప్పుడు ఫైలు ఇంకో కాపీ తీసి వేగం 75కి దించండి. 1, 9 గడుల్లో కిక్ తీసేయండి. 5, 13 ఉంచి, ఆ రెండు చోట్లా స్నేర్ (టప్‌మనే చిన్న డ్రమ్) అంచు మీద కొట్టే రిమ్ శబ్దం కలపండి. స్కాంక్ కదపొద్దు. మొదటి దెబ్బ ఖాళీ! దీన్ని వన్ డ్రాప్ అంటారు. తీన్‌మార్ మీద పెరిగిన మన కాళ్ళకి మొదట మెట్టు తప్పినట్టుంటుంది. జమైకాలో 1960ల చివర, స్కా నుంచి రాక్‌స్టెడీ, దాన్నుంచి రెగే పుట్టాయి. స్కా పరుగు, రాక్‌స్టెడీ నడక. రెగేలో బేస్ ముందుకొచ్చింది, ఖాళీకీ విలువ పెరిగింది. 2018లో యునెస్కో రెగేని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది.

డీజేల పాటల్లోకి ఇది ఇవాళ కొత్తగా వచ్చింది కాదు. మేజర్ లేజర్ అనే డీజేల బృందం 2009లో మొదటి ఆల్బమ్ తెచ్చిందే జమైకా డాన్స్‌హాల్ మీద (రెగే నుంచి వచ్చిన డాన్స్ సంగీతం) నిలబడి. 2012లో వాళ్ళు చేసిన గెట్ ఫ్రీ వినండి, తొందర అన్నదే లేదు. ఇంకా వెనక్కి వెళ్తే కింగ్ టబ్బీ ఉన్నాడు. కింగ్‌స్టన్‌లో రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే మనిషి. తయారైన పాటలోంచి గొంతు తీసేసి, డ్రమ్, బేస్ మిగిల్చి, అక్కడక్కడ ఎకో వదిలి కొత్త పాట చేసేవాడు. దాన్ని డబ్ అన్నారు. మిక్సర్‌నే వాయిద్యంగా వాడినవాడు. నన్నడిగితే, ఇవాళ రీమిక్స్ చేసేవాళ్ళందరూ ఆయనకి ఒక దండం బాకీ.

ఆయన ఎకో మన పాటలో కాస్త వాడదాం. 100 బీపీఎం ఫైలుకే రండి. ప్రతి నాలుగో ఆవర్తంలో 15వ గడి స్కాంక్‌కి మాత్రమే డిలే (మోత ఆగాగి తిరిగొచ్చే ఎఫెక్ట్) పెట్టండి. సమయం మూడు గడులు, అంటే 450 మిల్లీసెకన్లు. ఫీడ్‌బ్యాక్ 40 శాతం, అంటే ప్రతి మోతా ముందుదానిలో అంత బలంతోనే తిరిగొస్తుంది. అప్పుడు ఆ మోత తర్వాతి ఆవర్తంలో 2, 5, 8, 11 గడుల్లో తగ్గుతూ పడుతుంది. ఒకటి కిక్ మీద, ఒకటి స్కాంక్ మీద, మిగతావి ఎవరూ లేని చోట. అన్ని స్కాంకులకీ డిలే పెడితే చెరువులో చేపలకి మేత చల్లినట్టు అంతా కలగాపులగం అవుతుంది. ఆ తప్పు నేను చేసేశాను, మీరు చేయక్కర్లేదు.

ఇంటిపని: ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని 100 బీపీఎం ట్రాక్‌లో కిక్‌ని నాలుగు ఆవర్తాలు మ్యూట్ చేయండి. స్కాంక్ మాత్రం వింటూ, కిక్ ఉండాల్సిన చోట మడమతో నేల తట్టండి. మళ్ళీ కిక్ తెరిచినప్పుడు మీ మడమా అదీ కలిసి పడాలి. పడకపోతే ఇదే ట్రాక్ వేగం 75కి దించి మళ్ళీ మొదలెట్టండి. మేనల్లుడికి మూడో రోజుకి కుదిరింది. బేస్ వచ్చే వారం.