విశాఖ తేమలో ఫ్రేము కట్టిన ఆట జ్ఞాపికలు: సమస్యలు, పరిష్కారాలు

ఫ్రేము చెడిందని ముందువైపు చూస్తే తెలుస్తుంది. ఎందుకు చెడిందో మాత్రం వెనక్కి తిప్పి చూస్తేనే తెలుస్తుంది. అందువల్ల ఇక్కడ చెప్పే ఏ సమస్యకైనా మొదటి పని ఒక్కటే. ఫ్రేమును గోడ మీదినుంచి దింపి, బల్ల మీద మెత్తని తువ్వాలు పరిచి, దాని మీద బోర్లించి, వెనక అట్టను పరిశీలించాలి. మన ఊళ్లో కట్టిన పాత ఫ్రేముల్లో చాలావాటికి వెనక గోధుమరంగు హార్డ్‌బోర్డు, చుట్టూ తుప్పుపట్టిన సన్నమేకులు, వాటి మీద ఎండి పెళుసెక్కిన టేపు కనిపిస్తాయి. హార్డ్‌బోర్డు ఎత్తితే సందు నింపడానికి మడిచి పెట్టిన పాత దినపత్రిక బయటపడుతుంది. సగం రోగాలకు మూలం అక్కడే ఉంటుంది.

2005 ఏప్రిల్ 5న పి.ఎం.పాలెం స్టేడియంలో పాకిస్థాన్ మీద ధోనీ 148 పరుగులు చేసిన నాటి టికెట్లను, ఫొటోలను చాలామంది దాచుకున్నారు. 2018 అక్టోబరు 24న కోహ్లీ అదే మైదానంలో వన్డేల్లో పదివేల పరుగులు దాటినప్పటి టోపీలు, జెండాలు కూడా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. అప్పట్లో హడావిడిగా కట్టించిన ఫ్రేముల లోపాలు ఇన్నేళ్ల తరువాత ఒక్కొక్కటిగా పైకి తేలుతున్నాయి.

అద్దం లోపల మసక, ఫొటో మీద బూజు చుక్కలు

విశాఖలో ఏడాదిలో ఎక్కువ భాగం గాలిలో తేమ 70 శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. కాగితానికి, బట్టకు 45 నుంచి 55 శాతం మేలు. 65 దాటి అలాగే నిలిస్తే బూజు పట్టడానికి అనువు ఏర్పడుతుంది. అయితే అసలు చిక్కు గాలిలోని తేమ కన్నా గోడలోని చెమ్మతో వస్తుంది. వాన తడిసిన బయటి గోడకు ఫ్రేమును ఆనించి తగిలించినప్పుడు వెనక అట్ట ఆ చెమ్మను పీల్చుకుంటుంది. గదిలో ఏసీ వేయగానే ముందున్న అద్దం చల్లబడుతుంది కనుక అట్ట, కాగితం వదిలిన తేమ అద్దం లోపలివైపు మంచులా పేరుకుంటుంది. పగలు ఆపి రాత్రి వేసే ఏసీ ఈ చక్రాన్ని రోజూ తిప్పుతుంది.

బూజు కనిపించగానే తడిగుడ్డతో తుడవకూడదు, ఎండలో పెట్టకూడదు, డెట్టాల్ పూయకూడదు. తడి బూజును తుడిస్తే అది కాగితం పీచులోకి దిగి శాశ్వతమైన మరకగా మారుతుంది. ఫ్రేమును విప్పి, వస్తువును నీడలో, ఏసీ నడుస్తున్న గదిలో రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. బూజు పొడిబారిన తరువాత ముక్కుకు మాస్కు కట్టుకుని, వరండాలో, మెత్తని కుంచెతో ఒకే దిక్కుగా దులపాలి. ఫొటో మీద ఆటగాడి సంతకం ఉంటే కుంచె దాని మీదికి పోకుండా చూసుకోవాలి. పాత హార్డ్‌బోర్డును, దినపత్రికను పారేయాలి. వాటిలో బూజు బీజాలు మిగిలే ఉంటాయి.

తిరిగి తగిలించేటప్పుడు ఫ్రేము కింది రెండు మూలలకు రబ్బరు బొడిపెలు అంటించి గోడకు, ఫ్రేముకు నడుమ గాలి ఆడేలా చేయాలి. ఇది పది రూపాయల పని, అయినా అడగనిదే ఏ దుకాణంలోనూ చేయరు. సిలికా జెల్ సంచిని ఫ్రేములో పెట్టి మరచిపోవడం మీద నాకు నమ్మకం లేదు. కొద్ది వారాల్లో అది పీల్చగలిగినంత పీల్చుకుని ఊరుకుంటుంది. నీలం గింజలు గులాబీరంగుకు తిరగగానే మార్చే ఓపిక ఉన్నవారికే అది పనికొస్తుంది.

ఫొటో అద్దానికి అతుక్కుపోయింది

ల్యాబులో కడిగిన ఫొటో పైపొర జెలటిన్. తేమ తగిలితే అది ఉబ్బి జిగటగా మారి, అద్దానికి ఆని ఉంటే ఆరేటప్పుడు దాన్నే పట్టుకుంటుంది. అద్దాన్ని ఏటవాలుగా చూసినప్పుడు అతుక్కున్న చోటు నూనె మరకలా ముదురుగా మెరుస్తూ కనిపిస్తుంది. అతుక్కోని చోట ఆ మెరుపు ఉండదు. నేను ఒకసారి, మా ఇంటి ఫొటోనే, పలుచని బ్లేడుతో విడదీయబోయాను. సంతకంలోని మొదటి రెండక్షరాలు అద్దం మీద, మిగతావి కాగితం మీద ఉండిపోయాయి.

కాబట్టి బలవంతంగా పీకకూడదు. మొదట ఫొటోను అద్దంతో సహా స్కానరు మీద బోర్లించి మంచి స్కాన్ తీసి పెట్టుకోవాలి. నీళ్లలో నానబెట్టి విడదీసే పద్ధతి ఒకటి ఉంది కాని, సంతకం ఉన్నప్పుడు అది సంతకాన్నే కడిగేయవచ్చు. ఇంక్‌జెట్ ప్రింటు అయితే బొమ్మ మొత్తం పోతుంది. ఆ పని సంరక్షణ నిపుణులకే వదిలి, అంతవరకూ అద్దంతోనే పొడిచోట ఉంచడం క్షేమం. కొత్తగా కట్టించేవారు మౌంటు, అంటే ఫొటో చుట్టూ కిటికీలా కోసి పెట్టే అట్ట, వేయించి తీరాలి. మౌంటు అందానికే అనుకుంటారు గాని, దాని అసలు పని అద్దాన్ని కాగితానికి తాకనివ్వకపోవడం. మౌంటు ఇష్టం లేకపోతే బీడింగ్ (ఫ్రేము చుట్టూ ఉండే చట్రం) లోపలి అంచున కనీసం మూడు మిల్లీమీటర్ల పట్టీ పెట్టమని అడగాలి.

సంతకం వెలిసిపోతోంది

మార్కరులోని సిరా చాలావరకు బట్టలకు అద్దే రంగు లాంటిదే. వెలుతురు తగిలినకొద్దీ అది విరిగిపోతుంది, పోయిన రంగు తిరిగి రాదు. అతినీల లోహిత కిరణాలు ప్రధాన దోషులే గాని, మామూలు వెలుగు కూడా నెమ్మదిగా ఆ పనే చేస్తుంది. మన తీరం తూర్పు ముఖంగా ఉంది కనుక, బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో కిటికీకి ఎదురుగా ఉండే పడమటి గోడ మీద ఉదయపుటెండ నేరుగా పడుతుంది. హాల్లోకి రాగానే అందరికీ కనపడాలని జ్ఞాపికలను తగిలించేది సరిగ్గా ఆ గోడకే.

ముందు గోడ మార్చాలి, తరువాతే అద్దం మార్చాలి. అతినీల లోహిత కిరణాలను 99 శాతం వరకు ఆపే ప్రత్యేక గ్లాసు, యాక్రిలిక్ షీటు దొరుకుతాయి, అయితే అవి ఎండకు గొడుగులే తప్ప గోడలు కావు. యాక్రిలిక్ వాడితే అమ్మోనియా కలిసిన గ్లాసు క్లీనరు తగలనివ్వకూడదు. సన్నని పగుళ్లు వస్తాయి. వెలిసిన సంతకం మీద మళ్లీ మార్కరుతో దిద్దించుకున్నవారు నాకు తెలుసు. అలా దిద్దిన క్షణంలో అది ఆటగాడి సంతకం కాకుండా పోతుంది.

జెర్సీ జారింది, జిగురు మరకలు తేలాయి

తొందరగా కట్టే చోట జెర్సీని వేడి జిగురుతోనో డబుల్ టేపుతోనో అట్టకు అంటిస్తారు. మన వేసవికి ఆ జిగురు మెత్తబడి బట్ట జారుతుంది, అంటుకున్న చోట పసుపు మరక బట్ట పైకి తేలుతుంది. పాలియెస్టరు దారంలోకి దిగిన జిగురును గీకితే బట్ట చిరుగుతుంది, పెట్రోలు వంటి ద్రావకంతో తీయబోతే సంతకం సిరా కూడా కరుగుతుంది. మరకను ఉన్నంతలో వదిలి, జిగురు అంటిన అట్ట ముక్కను చుట్టూ కత్తిరించి జెర్సీతోనే ఉంచేయడం నా పద్ధతి.

సరైన పద్ధతి కుట్టడం. ఆమ్లం లేని అట్టకు ఉతికి ఆరేసిన కోరా బట్ట చుట్టి, జెర్సీ లోపల పల్చని పాలియెస్టరు దూది పొర పెట్టి, భుజాల కుట్ల వెంట, చేతుల అంచుల వెంట సూది దింపి దారంతో పట్టించాలి. సూది కుట్టులోంచే పోవాలి, ఎదరి బట్టలోంచి కాదు. అప్పుడు ఎన్నేళ్లకైనా దారం తెంపితే జెర్సీ చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. వెనక నంబరు రబ్బరు ముద్ర అయితే, మడతలో అది బట్టకు అతుక్కోకుండా బేకింగ్ కాగితం పెట్టాలి. పెట్టె లోతు కనీసం రెండంగుళాలు ఉంటే ముద్ర అద్దాన్ని తాకదు. మైదానంలో వేసుకున్న జెర్సీ అయితే మట్టిమరకతోనే కట్టించాలి, ఉతికితే ఉన్న విలువ కాస్తా పోతుంది. చెమట ఉప్పు తేమను లాగుతుంది కనుక పూర్తిగా ఆరిన తరువాతే పెట్టెలో మూయాలి.

మౌంటు అంచున గోధుమరంగు గీత

కోసిన మౌంటు అంచు తెల్లగా ఉండాల్సింది గోధుమరంగుకు తిరిగిందంటే ఆ అట్టలో ఆమ్లం ఉందని అర్థం. కాగితం మీద కూడా అదే వెడల్పున గీత పడుతుంది. మైదా జిగురుతో అంటించి ఉంటే పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగులు దాన్ని తినడానికి వచ్చి కాగితాన్ని కూడా గీరుకుపోతాయి. మౌంటును, వెనక అట్టను ఆమ్లం లేనివాటితో మార్చి, ఫొటోను జిగురు లేకుండా మూలలకు కాగితపు జేబులు చేసి పట్టించాలి. పురుగులకని ఫ్రేములో కలరా ఉండలు వేయకూడదు. వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్కులను మెత్తబరుస్తుంది.

టికెట్ నల్లబడింది, లేదా తెల్లబోయింది

థర్మల్ కాగితం (సిరా లేకుండా వేడితోనే అక్షరాలు తేలే కాగితం) మీద ముద్రించిన టికెట్ వేడికి నల్లబడుతుంది, కాలక్రమేణా వెలిసిపోతుంది. భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయించినవారికి యంత్రంలోంచి నల్లముక్క వచ్చింది. దీనికి మందు లేదు. తెచ్చిన రోజే స్కాన్ తీసి ఆ ప్రతిని ఫ్రేము కట్టించి, అసలును చీకటిలో చల్లగా ఉంచాలి.

బ్యాటు, బంతి, పతకం

బ్యాటు మీద సంతకం చుట్టూ నూనె మరక వ్యాపిస్తే అవిసె నూనె పట్టించారన్నమాట. సంతకం ఉన్న బ్యాటుకు నూనె అక్కర్లేదు. నిబంధనల ప్రకారం బ్యాటు మందం 67 మిల్లీమీటర్ల దాకా ఉండవచ్చు కనుక పెట్టె లోపలి లోతు 90కి తగ్గకూడదు. కింద పిండిలాంటి పొడి రాలుతుంటే పుచ్చు పట్టినట్టు. దాన్ని వెంటనే పాలిథిన్ సంచిలో మూసి మిగతా ఫ్రేములకు దూరంగా పెట్టి, ఆ తరువాతే పురుగుమందు వాళ్లను పిలవాలి. బంతికి పాలిష్ పెట్టకూడదు.

వెండి పతకం నల్లబడటానికి గంధకం కారణం. రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ దాన్ని తెచ్చిపెడతాయి. ఇత్తడి, కంచు మీద పచ్చని చిలుము వస్తే ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) వదిలే ఆమ్లపు ఆవిరిని అనుమానించాలి. చింతపండుతోనో ఇత్తడి సామాను తోమే పొడితోనో రుద్దవద్దు. ఒలింపిక్ స్వర్ణం సైతం లోపల వెండే, పైన ఆరు గ్రాముల బంగారు పూత మాత్రమే. ఇంట్లోని పతకాల పూత అంతకన్నా పలుచన.

మేకు వదిలింది

ఉప్పుగాలికి ఇనుప మేకులు, తీగలు తుప్పుపట్టి ఒకరోజు అర్ధరాత్రి ఫ్రేము కింద పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కొక్కేలు రెండు వాడి, అక్టోబరు తుఫానులకు ముందు ప్రతి ఏడూ తీగను చేత్తో లాగి చూడాలి. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలిన గదుల్లో ఫ్రేములు నిలువునా తడిశాయి. తుఫాను హెచ్చరిక రాగానే వాటిని దింపి, పాలిథిన్ చుట్టి, కిటికీ లేని గదిలో నేల మీద కాకుండా మంచం మీద నిలబెట్టాలి, గాలివాన తగ్గిన రోజే ఆ పాలిథిన్ విప్పేయాలి.