ఇంట్లో ఇంగ్లీషు – 14వ పాఠం: 'వెళ్ళేవాణ్ణి'కీ 'అలవాటే'కీ మధ్య

పోయిన పాఠం చివర ఇచ్చిన వాక్యాల్లో ఎక్కువమంది తప్పింది ఇది: 'చిన్నప్పుడు మేం గుణుపూర్‌కి చిన్న రైల్లో వెళ్ళేవాళ్ళం.' దీనికి 'వుయ్ వర్ గోయింగ్' అని రాశారు. ఎందుకు రాశారో తెలుసు. ఒడిశాలో ఉన్న మన పర్లాకిమిడి వైపు చాలామంది బడిలో చదివింది ఒడియా. ఒడియాలో 'జాఉథిలు' అంటే 'అప్పుడు వెళ్తూ ఉన్నాం' అనీ వస్తుంది, 'వెళ్ళేవాళ్ళం' అనీ వస్తుంది. ఇంగ్లీషులో ఆ రెండూ వేరు. కాబట్టి ఈ ఒక్క చోట బడి భాషని పక్కన పెట్టి, ఇంట్లో అమ్మతో మాట్లాడే భాషని పట్టుకోండి. 'వెళ్ళేవాణ్ణి, తినేది, ఉండేది' అని నోటికొస్తే 'యూస్ట్ టు' పెట్టండి. దాని వెనక క్రియకి ఏ తోకా తగిలించకండి.

'వుయ్ యూస్ట్ టు గో టు గుణుపూర్ బై ద స్మాల్ ట్రైన్.'

నౌపడ నుంచి మన ఊరికి 1900లో వేసిన, పట్టాల మధ్య రెండున్నర అడుగులే ఉండే లైను అది. 2011కల్లా గుణుపూర్ దాకా పెద్ద లైను అయిపోయింది. ఆ చిన్న రైలు ఇప్పుడు లేదు కనకే 'యూస్ట్ టు' అంత బాగా అతుకుతుంది. మన ఊరి సంగతే చూడండి. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, 1992లో గజపతి జిల్లా ఏర్పడే దాకా గంజాంలో ఉండేది. రెండు చోట్లా 'పర్లాకిమిడి యూస్ట్ టు బి ఇన్' అనే మొదలుపెట్టాలి.

రాసేటప్పుడు యూ, ఎస్, ఈ, డీ. పలికేటప్పుడు 'డీ' వినపడదు, 'యూస్టు' అని ఒకే ఊపులో పోతుంది. 'యూజ్డ్' అని నొక్కి పలికితే 'వాడాను' అనే మాట అయిపోతుంది. కాదని చెప్పాలంటే 'ఐ డిడ్ నాట్ యూస్ టు'. అక్కడ రాతలో కూడా 'డీ' ఉండదు.

ఇప్పుడు అసలు గొయ్యి. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు విశాఖపట్నంలో ఒక హోటల్లో ఉద్యోగానికి వెళ్ళాడు. రాత్రి డ్యూటీ చెయ్యగలవా అని అడిగితే, అలవాటే అని చెప్పబోయి టెన్షన్‌లో 'ఐ యూస్ట్ టు వర్క్ ఎట్ నైట్' అన్నాడట. 'మరెందుకు మానేశావ్?' అని వాళ్ళ ప్రశ్న. వాడికి అర్థమే కాలేదు. తిరిగొచ్చి, 'మాస్టారూ, నేను మానేశానని ఎప్పుడన్నాను?' అని నన్నే అడిగాడు.

అన్నాడు మరి! 'చేసేవాణ్ణి' అంటే, ఇప్పుడు చెయ్యడం లేదనే కదా వినేవాళ్ళు అనుకునేది. అలవాటే అనాలంటే ముందు 'యామ్' రావాలి, వెనక క్రియకి 'ఇంగ్' తగలాలి:

'ఐ యామ్ యూస్ట్ టు వర్కింగ్ ఎట్ నైట్.'

క్రియ లేకుండా పేరు ఒక్కటే పెట్టినా సరిపోతుంది: 'ఐ యామ్ యూస్ట్ టు నైట్ డ్యూటీ.' ఇంకా అలవాటు కాలేదు, అవుతోంది అంటే 'ఐ యామ్ గెటింగ్ యూస్ట్ టు ఇట్'. కొత్త ఊళ్ళో, కొత్త అత్తింట్లో, కొత్త ఫోనుతో రోజూ పనికొచ్చే వాక్యం ఇది.

'మరి రోజూ ఐదింటికి లేస్తానంటే ఏటనాలండీ?' అని ఒకరు అడిగారు. ఏమీ వద్దు. 'ఐ గెట్ అప్ ఎట్ ఫైవ్', అంతే. 'ఐ యూస్ టు గెట్ అప్' అని మన వైపు తెగ వాడతారు గానీ, అది తప్పు.

ఇంకో చిన్న మెలిక. మొత్తం ఎన్నిసార్లో, ఎన్నేళ్ళో లెక్క చెబితే 'యూస్ట్ టు' పనికిరాదు. 'బరంపురంలో ఐదేళ్ళు ఉన్నాను' అంటే 'ఐ లివ్డ్'. తెలుగులో కూడా అక్కడ 'ఉన్నాను' అనే అంటాం, చూసుకోండి. 'వారానికి రెండుసార్లు వెళ్ళేవాణ్ణి' అంటే మాత్రం 'యూస్ట్ టు' చక్కగా సరిపోతుంది.

కిందివి ముందు పైకి పలికి, తర్వాత ఇంగ్లీషులో రాయండి:

మా తాత పాతపట్నం సంతకి నడిచి వెళ్ళేవాడు.
మా అత్తకి ఒడియా మాట్లాడటం అలవాటే.
నేను రాయగడకి మూడుసార్లు వెళ్ళాను.
మా ఇంట్లో టీవీ ఉండేది కాదు.

మూడోదాని దగ్గర కాస్త ఆగి రాయండి.