రాజ్యాంగం చదవడం నేర్చుకుందాం – 5వ పాఠం: రెండో సంతకం ఎవరిది?

పోయిన పాఠం చివర డెన్మార్క్ రాజ్యాంగం (1953) నుంచి 3, 12, 14 అధికరణాలు ఇచ్చి, ఆ దేశాన్ని నడిపేది ఎవరో నాలుగు వాక్యాల్లో రాయమన్నాను. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం నుంచి వచ్చిన జవాబుల్లో చాలావాటి సారం ఒకటే: అంతా రాజుదే. కాశీనగరం నుంచి ఒక చెల్లెలు "అక్కడ ఎన్నికలు పేరుకే" అని కూడా తేల్చేసింది. ఈ గందరగోళం తీరకుండా ముందుకు వెళ్తే తర్వాతి పాఠాలు ఒక్కటీ నిలబడవు. ఈ వారం చెబుదామనుకున్న ఎన్నికల సంఘం పాఠాన్ని వాయిదా వేసి, రాజు దగ్గరే ఆగుదాం.

మీరు చదివినంత మేరకు సరిగ్గానే చదివారు. కార్యనిర్వాహక అధికారం, అంటే చట్టాలను అమలు చేసి ప్రభుత్వాన్ని నడిపే అధికారం, రాజుదని 3వ అధికరణం నిజంగానే అంటుంది. ప్రధానిని, మంత్రులను నియమించేదీ తొలగించేదీ రాజేనని 14 అంటుంది. చాలామంది అక్కడ ఆపేశారు. అదే 14లో ఇంకాస్త కిందికి రండి. రాజు సంతకం చెల్లాలంటే పక్కన కనీసం ఒక మంత్రి సంతకం ఉండాలి, అలా సంతకం పెట్టిన మంత్రే ఆ నిర్ణయానికి బాధ్యుడు. ఇక నేను ఇవ్వని రెండు అధికరణాలు కూడా చూడండి. 13 ప్రకారం రాజు తన చర్యలకు జవాబుదారీ కాదు, మంత్రులు జవాబుదారీ. 15 ప్రకారం సభ విశ్వాసం కోల్పోయిన మంత్రి పదవిలో ఉండకూడదు. ఈ మూడూ కలిపితే లెక్క తేలుతుంది. పని రాజు పేరుతో జరుగుతుంది, మంత్రి సంతకంతో చెల్లుతుంది, ఆ మంత్రి ఉద్యోగం ఎన్నికైన సభ చేతిలో ఉంటుంది.

ఒక్క అధికరణాన్ని విడిగా చదివి తీర్పు చెప్పొద్దని అందుకే అంటాను. నేను పెన్సిల్‌తో పేజీ అంచున మూడు గుర్తులు పెట్టుకుంటాను. "సం" అంటే రెండో సంతకం ఎవరిది, "జ" అంటే జవాబు చెప్పేది ఎవరు, "తీ" అంటే ఆయన్ని తీసేయగలిగేది ఎవరు. ఈ మూడూ దొరికేదాకా నోట్సులో ఒక్క అభిప్రాయం కూడా రాయను. మీకు ఇంకో పద్ధతి అలవాటైతే అదే వాడండి, కానీ ఈ మూడు ప్రశ్నలూ మాత్రం వదలొద్దు.

మన రాజ్యాంగంలో 53 (కార్యనిర్వాహక అధికారం రాష్ట్రపతిది), 74 (ఆయన మంత్రిమండలి సలహా మేరకే నడవాలి) పక్కపక్కన పెట్టి చూస్తే ఇదే అమరిక కనిపిస్తుంది. దేశాధినేత (మనకు రాష్ట్రపతి), ప్రభుత్వాధినేత (మనకు ప్రధాని) తేడా మొదటి పాఠంలోనే ఉంది, మళ్లీ చెప్పను.

డెన్మార్క్ 15వ అధికరణం ఊరికే రాలేదు. 1920లో పదో క్రిస్టియన్ రాజు జర్మనీతో ఉన్న ష్లెస్విగ్ సరిహద్దు వివాదంలో ప్రభుత్వంతో విభేదించి, ప్రధాని జాలే మంత్రివర్గాన్ని తొలగించాడు. అప్పటి రాజ్యాంగం అక్షరాల్లో చూస్తే ఆ అధికారం ఆయనకు ఉంది. కార్మిక సంఘాలు సార్వత్రిక సమ్మెకు సిద్ధమయ్యాయి, కొద్ది రోజుల్లోనే రాజు వెనక్కి తగ్గాడు. జనం అలా తేల్చేసిన సంగతి 1953లో అక్షరరూపంలోకి వచ్చింది.

మన ఊళ్ల సంగతికి వద్దాం. 1937 ఎన్నికల్లో ఒడిశా శాసనసభలో 60 సీట్లకు 36 కాంగ్రెస్ గెలిచింది. గవర్నర్లు తమ ప్రత్యేకాధికారాలు వాడబోమని హామీ ఇస్తే తప్ప మంత్రివర్గం ఏర్పాటు చేయమని పార్టీ మొండికేసింది. గవర్నర్ హబ్బక్ పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్‌ను పిలిచారు. ఏప్రిల్ 1న ఆయన ఒడిశా తొలి ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి పదవిని అప్పట్లో అలా అనేవారు) అయ్యారు. జులైలో ప్రతిష్టంభన వీడాక ఆయన తప్పుకున్నారు, గంజాం జిల్లా మనిషి విశ్వనాథ దాస్ పగ్గాలు చేపట్టారు. ఒడిశా రాష్ట్రం కోసం గజపతి చేసిన కృషి మీద మనందరికీ గౌరవం ఉంది, నాకూ ఉంది. అయినా గుర్తులు పెట్టేటప్పుడు మనిషిని చూడకూడదు. ఆ మూడు నెలల మంత్రివర్గానికి "సం" దొరుకుతుంది, "జ" దగ్గర ఖాళీ వస్తుంది. సభలో మెజారిటీ వేరేవాళ్లది, నియమించింది బ్రిటిష్ రాజు తరఫు గవర్నరు.

పనిలో పనిగా ఇంకో మాట. 1971లో పర్లాకిమిడి, జయపురం రాజావార్లకు రాజభరణం (మాజీ సంస్థానాధీశులకు ప్రభుత్వం ఇచ్చే భత్యం) పోయిందని కొందరు రాశారు. ఆ రెండూ ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న జమీందారీలు, సంస్థానాలు కావు. జమీందారీల రద్దు చట్టంతో వాటి కథ 1950లలోనే ముగిసింది. 1971 నాటి 26వ రాజ్యాంగ సవరణతో రాజభరణం పోయింది కలహండి లాంటి సంస్థానాధీశులకు.

ఇప్పుడు నాకు నిజంగా చిరాకు తెప్పించే సంగతి. పై వివరణ విన్నవాళ్లు వెంటనే రెండో గట్టుకు దూకి, "అయితే రాజు ఉత్సవ విగ్రహం, అంతేగా" అంటారు. పోటీ పరీక్షల గైడ్లు కూడా ఇదే నూరిపోస్తాయి. ఈ జవాబు రాస్తే మీరు ఆ దేశం రాజ్యాంగం తెరవలేదని నాకు తెలిసిపోతుంది. ఎందుకంటే ఏ ఇద్దరు రాజుల స్థితీ ఒకటి కాదు.

బెల్జియం చూడండి. 1990లో గర్భస్రావ చట్టం పార్లమెంటులో నెగ్గింది. బోడువాన్ రాజు మనస్సాక్షి ఒప్పుకోక సంతకం పెట్టలేనన్నాడు. రాజు పాలించలేని స్థితిలో ఉన్నాడని మంత్రివర్గం ప్రకటించి, ఏప్రిల్ 4న మంత్రులే ఆ చట్టం మీద సంతకాలు చేశారు. మర్నాడు పార్లమెంటు ఆయన్ని తిరిగి సింహాసనం మీద కూర్చోబెట్టింది. రాజుకు నిజంగా ఏ అధికారమూ లేకపోతే ఇంత తతంగం ఎందుకు? ఆయన సంతకం లేకుండా చట్టం కాదు కాబట్టే ఈ దారి వెతకాల్సి వచ్చింది. లక్సెంబర్గ్‌లో 2008లో గ్రాండ్ డ్యూక్ హెన్రీ కారుణ్య మరణాల చట్టానికి ఆమోదం ఇవ్వనన్నాడు. అక్కడివాళ్లు 2009లో రాజ్యాంగాన్నే సవరించి ఆమోదించే అధికారం తీసేశారు, ప్రకటించే పని మాత్రం మిగిల్చారు. స్వీడన్ అంతకు ముందే, 1974 రాజ్యాంగంతోనే ఇంకా దూరం వెళ్లింది. ప్రధాని పేరు ప్రతిపాదించేది స్పీకరు, చట్టాల మీద రాజు సంతకమే అక్కర్లేదు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే, చదివినవాడికి అనుమానం మిగలదు.

లీష్టెన్‌స్టైన్ దీనికి పూర్తిగా రివర్స్. అక్కడి పాలకుడైన ప్రిన్స్‌కు వీటో, అంటే నిర్ణయాన్ని అడ్డుకునే అధికారం, ఉంది. 2012లో దాన్ని తగ్గిద్దామా అని ప్రజలనే అడిగితే దాదాపు నాలుగింట మూడొంతుల మంది వద్దన్నారు. థాయిలాండ్‌లో అయితే రాజ్యాంగం చదివితే సరిపోదు, శిక్షాస్మృతి తెరవాలి. రాజును కించపరిచారన్న నేరానికి 112వ సెక్షన్ కింద 3 నుంచి 15 ఏళ్ల జైలు. జనం నోరు విప్పడానికే భయపడేచోట ఆయన్ని ఉత్సవ విగ్రహం అనగలరా?

బ్రిటన్‌లో అసలు ఒకే పుస్తకంగా రాసిపెట్టిన రాజ్యాంగమే లేదు. పార్లమెంటు నెగ్గించిన బిల్లుకు రాచరికం ఆమోదం నిరాకరించింది చివరిసారి 1708లో. అక్కడి ప్రమాదం వేరే వైపు నుంచి వస్తుంది. 2019లో ప్రధాని సలహా మీద రాణి పార్లమెంటును అయిదు వారాలు ప్రొరోగ్ చేశారు, అంటే సమావేశాలు ఆపేశారు. సెప్టెంబర్ 24న సుప్రీంకోర్టు 11 మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా అది చెల్లదన్నారు. రాణి కాదనలేదు కాబట్టి, ఆమె పేరు మీద ప్రధాని సభ తలుపులు మూయించగలిగారు. రెండో సంతకం పెట్టేవాడి మీదే కన్నేసి ఉంచమని నేను పట్టుబట్టేది ఇందుకే. రాజుల గురించి మనం పడే టెన్షన్‌లో సగం ఆ మంత్రి గురించి పడాలి.

రాచరికాలు ఇంకెంత కాలం ఉంటాయని కూడా చాలామంది అడిగారు. నేను సర్వేలు చూడను, రాజ్యాంగాన్ని ఎలా మార్చాలో చెప్పే సవరణ అధ్యాయం చూస్తాను, పుస్తకం ఎప్పుడూ చివర్నుంచే తెరుస్తాను. బార్బడోస్‌కు పార్లమెంటులో మూడింట రెండొంతుల మెజారిటీ చాలింది, ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు, 2021 నవంబర్ 30న గణతంత్రం అయిపోయింది. ఆస్ట్రేలియాలో దేశం మొత్తం మీద మెజారిటీతో పాటు ఆరు రాష్ట్రాల్లో కనీసం నాలుగింట్లో మెజారిటీ కావాలి. 1999లో గణతంత్ర ప్రతిపాదన ఆరింట్లోనూ ఓడిపోయింది. స్పెయిన్‌లో రెండు సభల్లో మూడింట రెండొంతులు, సభల రద్దు, ఎన్నికలు, మళ్లీ మూడింట రెండొంతులు, ఆపైన ప్రజాభిప్రాయ సేకరణ. ఇంత గట్టి తాళం ఉన్నచోట జనాదరణ తగ్గినా రాజు నిలుస్తాడు. నేపాల్‌లో జ్ఞానేంద్ర 2005 ఫిబ్రవరిలో మంత్రివర్గాన్ని తోసేసి అధికారం చేతిలోకి తీసుకున్నాడు. రెండో సంతకాన్నే చెరిపేశాడన్నమాట. 2008 మే 28న రాజ్యాంగ సభ రాచరికాన్నే రద్దు చేసింది. జపాన్ చిక్కు ఇంకో రకం. అక్కడ సింహాసనం మగవాళ్లకే, యువతరంలో మిగిలిన వారసుడు హిసాహితో ఒక్కడే.

అభ్యాసం: భూటాన్ రాజ్యాంగం (2008) 2వ అధికరణం మొత్తం చదవండి, ముక్కలు ముక్కలుగా కాదు. రాజు ఏ వయసుకు దిగిపోవాలి, ఆయన్ని తొలగించడానికి పార్లమెంటులో ఎంత మెజారిటీ కావాలి, ఆ తర్వాత ఎవరి మాట చెల్లుతుంది, ఈ అధికరణాన్నే మార్చాలంటే ఏం చేయాలి, వెతికి రాయండి. తర్వాత 13వ అధికరణంలో, రాజు వెనక్కి పంపిన బిల్లు గతి ఏమవుతుందో చూడండి. చివరగా 1935 భారత ప్రభుత్వ చట్టం 50 నుంచి 52 సెక్షన్లు తీసుకుని, 1937 ఏప్రిల్‌లో హబ్బక్ చేసిన నియామకానికి మూడు గుర్తులూ పెట్టి, "జ" దగ్గర ఏం రాస్తారో కారణంతో సహా ఒక పేజీ రాయండి. గైడ్లు ముట్టుకోవద్దు. "ఉత్సవ విగ్రహం" అన్న మాట కనిపించిన జవాబు నేను దిద్దను.